బడికొక విద్యుత్ కట్టుబాటు

గ్రామ పంచాయతీ సభ్యులకు ఈ మాసము మేము చెప్పదలచిన పాఠము చిన్నదే గాని ప్రతి ఊరికిని పనికివచ్చునది. ఊరి బడిలో విద్యుత్తును పొదుపుగా వాడుకొనుటకు ఒక విధానమును కాగితముపై ఎట్లు వ్రాసికొనవలెను, వ్రాసినదానిని ఎట్లు నడుపుకొనవలెను అనునదే ఆ పాఠము.

ఒకప్పుడు పల్లెటూరి బడికి కిటికీయే దీపము, వేపచెట్టే విసనకఱ్ఱ. నేడు పరిస్థితి మారినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రారంభమైన ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమములోను, తెలంగాణములో 2022లో ప్రారంభమైన ‘మన ఊరు–మన బడి’ కార్యక్రమములోను విద్యుత్ సౌకర్యము ముఖ్యాంశముగా చేర్చబడినది. తరగతి గదులకు ట్యూబులైట్లు, ఫ్యానులు వచ్చినవి. నీటి మోటారు, కంప్యూటరు, తెరపై పాఠము చెప్పు యంత్రము అనేక పాఠశాలలకు చేరినవి. సౌకర్యము పెరిగినకొలది మీటరు వేగమును పెరిగినది. ఆ బిల్లును ఒకచోట పంచాయతీ, ఒకచోట విద్యాశాఖ, మరొకచోట ప్రభుత్వమే నేరుగ చెల్లించుచుండవచ్చును. ఎవరు చెల్లించినను అది ప్రజల సొమ్మే.

ఇంటిలో దీపము వృథాగా వెలుగుచున్నచో ఇల్లాలు లేచి ఆపును. బడిలో వెలుగు దీపమును ఎవరు ఆపవలెను? ఉపాధ్యాయుడు పిల్లలు ఆపుదురనుకొనును; పిల్లలు ఆయా ఆపుననుకొందురు; ఆయాకు ఆ పని తనదని ఎవరును చెప్పియుండరు. ‘ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చె’ నను సామెత ఊరకే పుట్టలేదు. ఈ లోపమును సరిదిద్దుటకే విధానము కావలెను.

విధానమనగా నేమి?

‘విద్యుత్తును ఆదా చేయుడు’ అని గోడపై వ్రాయుట విధానము కాదు. అది హితవచనము మాత్రమే. హితవచనమునకు పని చేయువాడు ఉండడు, గడువు ఉండదు, లెక్క ఉండదు.

మన గ్రామములకు విధానమను మాట క్రొత్తదైనను విషయము పాతదే. చెరువు క్రింది ఆయకట్టులో ఏ మడికి ఏనాడు నీరు పారవలెనో పెద్దలు కట్టుబాటు చేసికొనెడివారు. తూము తెరచుట, మూయుట నీరటి పని. ఆతడు తప్పినచో అడుగుటకు పదిమంది ఉండిరి. కనుకనే నీరు చిట్టచివరి మడికిని అందెను. బడిలోని విద్యుత్తునకును అటువంటి కట్టుబాటే కావలెను. అందు ప్రతి వాక్యమును నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను: ఏ పని? ఎవరు చేయవలెను? ఎప్పుడు చేయవలెను? చేసినట్లు ఎట్లు తెలియును? ఈ నాలుగింటికి జవాబు లేని వాక్యమును కొట్టివేయవచ్చును.

ఇది పంచాయతీ పనియేనా?

ఈ సందేహము కొందరు సభ్యులకు కలుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వానిలో గ్రామ విద్యుదీకరణ, సంప్రదాయేతర ఇంధన వనరులు, ప్రాథమిక మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య, సామూహిక ఆస్తుల నిర్వహణ ఉన్నవి. నాలుగును ఊరి బడిలో ఒక్కచోట కలియుచున్నవి.

అయినను పంచాయతీ తానొక్కతియే తీర్మానము చేసి ప్రధానోపాధ్యాయునికి ఆజ్ఞ పంపుట తగదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో కనీసము నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. స్థానిక సంస్థ ప్రతినిధికిని అందు స్థానము కలదు. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట ఆ సంఘము విధి. కనుక పంచాయతీ, యాజమాన్య సంఘము, ఉపాధ్యాయులు కలిసి కూర్చుండి వ్రాసినదే నిలుచును.

మొదట లెక్క, పిదప మాట

కలము పట్టుటకు ముందు బడి అంతయు ఒకసారి తిరిగి, ఏ గదిలో ఏ పరికరము ఎన్ని వాట్లది, రోజునకు ఎన్ని గంటలు నడుచుచున్నదో వ్రాసికొనవలెను. వెయ్యి వాట్ల పరికరము ఒక గంట నడిచినచో ఒక యూనిట్ ఖర్చగును. ఈ ఒక్క సూత్రము తెలిసిన చాలును. ఏడవ తరగతి పిల్లలు ఈ లెక్కను చక్కగా కట్టగలరు; వారికే అప్పగించుట మేలు.

ఉదాహరణకు ఐదు గదుల బడి ఒకటి ఉన్నదనుకొందము. గదికి రెండు చొప్పున పది ఫ్యానులు, పది పాతరకపు ట్యూబులైట్లు, ఒక హార్సుపవరు నీటి మోటారు కలవు. నెలకు 24 పనిదినములు.

ఫ్యాను ఒక్కంటికి 75 వాట్లు చొప్పున పదింటికి 750 వాట్లు. రోజునకు 6 గంటలు తిరిగిన నెలకు 108 యూనిట్లు.

ట్యూబులైటు ఒక్కంటికి చోకుతో కలిపి 50 వాట్లు చొప్పున పదింటికి 500 వాట్లు. రోజునకు 6 గంటలు వెలిగిన నెలకు 72 యూనిట్లు.

మోటారు గంటకు ఇంచుమించు ఒక యూనిట్ తీసికొనును. రోజునకు గంట నడచిన నెలకు 24 యూనిట్లు.

మొత్తము 204 యూనిట్లు.

ఇప్పుడు ఒక్క పైసయైనను ఖర్చు పెట్టక, అలవాటు మాత్రమే మార్చితిమనుకొందము. ఎండ బాగుగ ఉన్న వేళ దీపములు ఆపి, మబ్బు పట్టినప్పుడును వెలుతురు చాలనప్పుడును మాత్రమే వేసినచో సగటున రెండు గంటలు చాలవచ్చును. అప్పుడు 24 యూనిట్లు. ప్రార్థన, మధ్యాహ్న భోజనము, ఆటల వేళలలో ఖాళీ గదుల ఫ్యానులు ఆపినచో గంటన్నర తగ్గును. అప్పుడు 81 యూనిట్లు. ట్యాంకు నిండగానే మోటారు ఆపి, కారు కుళాయిలు బాగుచేయించినచో అరగంట చాలును. అప్పుడు 12 యూనిట్లు. మొత్తము 117. అనగా 87 యూనిట్లు కేవలము శ్రద్ధవలన మిగిలినవి. మీ బడి లెక్క వేరుగ ఉండును గాని, కట్టు పద్ధతి ఇదియే.

సెలవు నాటి పరీక్ష

లెక్కకు అందక పోవు విద్యుత్తును పట్టుకొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. శనివారము సాయంకాలము బడి మూయునప్పుడు మీటరు అంకెను వ్రాసికొనుడు. సోమవారము ఉదయము తాళము తీయగానే మరల చూడుడు. ఆదివారము బడిలో ఎవరును లేరు గదా. అంకె కదలినచో ఎందులకు కదలినదో వెదుకవలెను. వరండా దీపము రాత్రింబవళ్లు వెలుగుచుండవచ్చును. నీటిని శుద్ధిచేయు యంత్రమో, కంప్యూటరో స్విచ్చి తీయకుండ వదలబడి ఉండవచ్చును. బడి తీగనుండి ఎవరైనను విద్యుత్తును మళ్లించుకొని ఉండవచ్చును. లేదా పాతబడిన తీగలలో విద్యుత్తు కారుచుండవచ్చును.

ఈ కడపటి కారణమును తేలికగా తీసికొనరాదు. అది బిల్లు సంగతి కాదు, పిల్లల ప్రాణముల సంగతి. అర్హతగల ఎలక్ట్రీషియనుచే తీగలను, ఎర్తింగును వెంటనే పరీక్ష చేయింపవలెను. మీటరువరకు గల సరఫరా లోపములకు 1912 నంబరునకు ఫోను చేసి విద్యుత్ పంపిణీ సంస్థకు తెలుపవచ్చును.

ఏది పొదుపు కాదు?

సభ్యులు ఈ భాగమును శ్రద్ధగా చదువవలెనని మా మనవి. పొదుపు పేరిట జరుగు పెద్ద పొరపాటు ఇక్కడనే కలదు. బిల్లు తగ్గింపుడని పై నుండి మాట రాగానే తేలికైన మార్గము వెదకువారు ప్రధాన స్విచ్చినే తీసివేయుదురు. బిల్లు తగ్గును, పిల్లలు చీకటిలో కూర్చుందురు. వెనుక వరుసలోని బిడ్డకు నల్లబల్లపై అక్షరము కనబడదు. కనబడలేదని చెప్పుటకు ఆ బిడ్డకు బిడియము. ఆ విధముగ మిగిలిన యూనిట్లు ఆ బిడ్డ చదువునుండి తీసికొన్నవే గాని పొదుపు చేసినవి కావు.

కనుక దీపము వేయుటయో ఆపుటయో నిశ్చయించుటకు గడియారముగాని బిల్లుగాని ప్రమాణము కారాదు. వెనుక వరుస బల్లపై కూర్చుండి చూడుడు. నల్లబల్లపై వ్రాతయు, పాఠ్యపుస్తకములోని చిన్న అక్షరమును శ్రమ లేకుండ చదువగలిగినచో దీపము ఆపవచ్చును, లేనిచో వేయవలెను. గదిలో పిల్లలున్నంతసేపు ఎండదినములలో ఫ్యాను తిరుగవలసినదే. వేసవి ముదిరినపుడు ఒంటిపూట బడులు పెట్టు మన ఆచారము ఎండ వేడిని గుర్తించి ఏర్పడినది. దానిని మరచి ఫ్యాను ఆపుట అవివేకము.

దీపము ఆపుటకు ముందు ఎండ వెలుతురును గదిలోనికి రానిచ్చుట మంచిది. కిటికీలకు అడ్డముగ పెట్టిన బీరువాలను, అతికించిన పటములను తొలగించుడు. గోడలకును, గది లోపలి కప్పునకును తెల్లసున్నము వేయించుడు. కిటికీ ప్రక్కనున్న దీపములకు ఒక స్విచ్చి, లోపలి గోడ ప్రక్కనున్న దీపములకు మరొక స్విచ్చి ఉన్నచో, కావలసిన వరుసనే వెలిగింపవచ్చును. మేడపై తెల్లసున్నము పూసిన గదిలో వేడి తగ్గునని మన పెద్దలకు తెలిసినదే. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటకును ఆ సూత్రమే ఆధారము. పడమటి దిక్కున నాటిన వేపమొక్క పదేండ్లకు సాయంకాలపు ఎండను ఆపును.

నమూనా కట్టుబాటు

ఈ క్రింది నమూనాను మీ బడికి తగినట్లు మార్చుకొనవచ్చును. ‘ఫలానావారు’ అని మేము వ్రాసినచోట మీరు మనిషి పేరే వ్రాయవలెను.

1. ఉద్దేశము: ఏ బాలునికిగాని బాలికకుగాని వెలుతురు, గాలి, త్రాగునీరు లోపింపకుండ, వృథాగా పోవు విద్యుత్తును ఆపుటయే ఈ కట్టుబాటు ఉద్దేశము.

2. దీపములు, ఫ్యానులు: గది ఖాళీ అయినప్పుడెల్ల వానిని ఆపింపవలసిన బాధ్యత ఆ వేళకు పాఠము చెప్పిన ఉపాధ్యాయునిది. వారమునకు ఇద్దరు పిల్లలు సహాయకులుగా ఉందురు. పిల్లలు పొడి చేతితో, బాగుగ ఉన్న గది స్విచ్చులను మాత్రమే తాకవలెను. ప్రధాన స్విచ్చిని, మోటారు స్టార్టరును, పగిలిన స్విచ్చిబోర్డును ఎట్టి పరిస్థితిలోను తాకరాదు.

3. నీటి మోటారు: వేయుట, ఆపుట ఫలానావారి పని. వారు రానినాడు ఫలానావారు చేయుదురు. మోటారు వేసి వేరొక పనికి పోరాదు.

4. బడి మూయు వేళ: ఫలానావారు అన్ని గదులు తిరిగి చూచి, కంప్యూటర్లు, తెరలు మొదలగువానిని గోడ స్విచ్చివద్దనే ఆపి, పుస్తకములో సంతకము చేయుదురు.

5. మీటరు: ప్రతి సోమవారము ఉదయము అంకెను వ్రాసి, వారములో ఖర్చయిన యూనిట్లను నల్లబల్లపై అందరికి కనబడునట్లు ఉంచవలెను. నెలకొకసారి సెలవు నాటి పరీక్ష జరుపవలెను.

6. మరమ్మతు: కారు కుళాయి, చెడిన స్విచ్చి, వ్రేలాడు తీగ ఏదైన కనబడిననాడే పుస్తకములో వ్రాయవలెను. వారము దినములలో బాగుచేయించుట ఫలానా సభ్యుని బాధ్యత. ప్రాణాపాయము కలిగించునదైనచో ఆ గదికి సరఫరాను ఆనాడే ఆపివేసి బాగుచేయింపవలెను.

7. కొనుగోలు: చెడిపోయినదాని స్థానములో కొనునది తక్కువ విద్యుత్తు తీసికొనునదై ఉండవలెను. ధరతోపాటు వాట్లను పోల్చి చూడనిదే కొనరాదు.

8. మిగులు: ఆదా అయిన సొమ్ము ఎంతో ఏటికొకసారి లెక్కకట్టి, నియమములు అంగీకరించినంతవరకు బడి అవసరములకే వినియోగింపవలెను.

9. సమీక్ష: మూడు నెలలకొకసారి ఉమ్మడి సమావేశములో లెక్కలు చదువవలెను. ఏటికొకసారి గ్రామసభకు వినిపింపవలెను.

ఏది ముందు మార్చవలెను?

క్రొత్త పరికరములపై ఉత్సాహము సహజమే. కాని అన్నిటిని ఒకేసారి మార్చుట వివేకము కాదు. ఎక్కువ గంటలు నడుచుదానిని ముందు మార్చవలెననునదే సూత్రము. బిల్లులో మీ యూనిట్ ధర చూచి లెక్క కట్టుకొనుడు; ఇక్కడ 8 రూపాయలనుకొందము.

రాత్రియంతయు 12 గంటలు వెలుగు 60 వాట్ల వరండా బల్బు స్థానములో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టినచో నెలకు 18 యూనిట్లకు పైగా, అనగా సుమారు 147 రూపాయలు మిగులును. బల్బు ధర త్వరలోనే తిరిగివచ్చును. రోజునకు రెండు గంటలు వెలుగు 50 వాట్ల ట్యూబులైటునకు బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు పెట్టినచో పది నెలల విద్యాసంవత్సరములో మిగులు సుమారు 115 రూపాయలు. 75 వాట్ల ఫ్యానుకు బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టి రోజునకు నాలుగున్నర గంటలు నడిపినచో ఏటికి మిగులు సుమారు 390 రూపాయలు. ఫ్యాను ధరతో పోల్చి చూచిన అది తిరిగివచ్చుటకు అనేక సంవత్సరములు పట్టును. కనుక బల్బు నేడే మార్చుడు. ట్యూబులైట్లను ఈ ఏడు మార్చుడు. తిరుగుచున్న ఫ్యానును తిరుగనిచ్చి, చెడినపుడు మంచిదానిని కొనుడు. ఈలోగా ఫ్యాను రెక్కలపై దుమ్ము తుడిపించిన అదే ఖర్చుతో గాలి ఎక్కువ వచ్చును.

2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టము ననుసరించి 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ పరికరములపై నక్షత్రముల చీటీని ఏర్పాటు చేసినది. నక్షత్రములు ఎక్కువైనకొలది విద్యుత్తు ఖర్చు తక్కువ. సీలింగు ఫ్యానులకు ఈ చీటీ 2023 జనవరి నుండి తప్పనిసరి అయినది. కొనునపుడు అడిగి చూచుకొనుడు.

వంటసాలను మరువరాదు

విద్యుత్తు మాత్రమే ఇంధనము కాదు. మధ్యాహ్న భోజనమునకు గ్యాసో కట్టెలో ఖర్చగుచున్నవి. ఆ ఖర్చు వంట చేయు స్త్రీలకు చెల్లించు వంట ఖర్చులోనే చేరియుండును. కనుక ఇక్కడ పొదుపైనది వారి కష్టార్జితములో మిగులును. పప్పును ముందుగ నానబెట్టుట, గిన్నెపై మూత పెట్టుట, పొంగు రాగానే మంట తగ్గించుట అను మూడు అలవాట్లే చాలును. తెరలుచున్న నీటి క్రింద ఎంత మంట పెట్టినను దాని వేడి పెరుగదు, ఆవిరి మాత్రమే పెరుగును. కట్టెలు వాడుచోట వానిని ఎండబెట్టి వానకు తడియకుండ పెట్టుటకు పంచాయతీ ఒక చిన్న పాక వేయింపవలెను. పొగ తగ్గుటవలన కన్నులకును మేలు.

సౌరఫలకములు ఎప్పుడు?

అనేక గ్రామములవారు మొదటనే సౌరఫలకములు కావలెనని కోరుచున్నారు. కోరిక మంచిదే, కాని దాని వంతు తరువాతిది. మన ప్రాంతములో ఒక కిలోవాట్ ఫలకములు దినమునకు సగటున సుమారు 4 యూనిట్లు, అనగా నెలకు 120 యూనిట్లు ఇచ్చును. పైన చెప్పిన బడి 204 యూనిట్లు వాడునంతకాలము దానికి ఒకటిముప్పాతిక కిలోవాట్ ఫలకములు కావలెను. అలవాట్లు మార్చినపిదప ఒక కిలోవాట్ చాలును. దీపములు, ఫ్యానులు కూడ క్రమముగ మారినచో వాడకము 54 యూనిట్లకు దిగును. అప్పుడు అర కిలోవాటే చాలును. చిల్లికుండకు పెద్ద బావి త్రవ్వుట ఎందులకు? ముందు చిల్లి పూడ్చుట మేలు. ఆ పిదప ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణములో రెడ్కో సంస్థల సలహా పొందవచ్చును.

ఆమోదము, అమలు

వ్రాసిన కట్టుబాటు ఒక పుటకు మించరాదు. చదువు రానివారికిని అర్థమగునట్లు సభలో బిగ్గరగా చదువవలెను. పేర్లు వ్రాయబడినవారు అందరియెదుట ఒప్పుకొనవలెను. ఒప్పుకొననివారి పేరు వ్రాసి ప్రయోజనము లేదు. ఒక ప్రతిని మీటరు ప్రక్కనే అంటింపవలెను. జాతీయ ఇంధన పరిరక్షణ దినమగు డిసెంబరు 14న ఏటేట మార్పులు చేసికొనుటకు అనువుగ ఉండును.

మరియొక మాట. పంచాయతీ కార్యాలయములో ఖాళీ కుర్చీపై ఫ్యాను తిరుగుచుండగా, వీధిదీపములు మిట్టమధ్యాహ్నము వెలుగుచుండగా, బడి పిల్లలకు పొదుపు బోధించినచో వారు నవ్వుకొందురు. కనుక ఈ కట్టుబాటులోని మీటరు నియమమును పంచాయతీ మొదట తన కార్యాలయములో అమలు జరుపవలెను. లెక్క చూచుకొనుట పెద్దలవలన నేర్చిన పిల్లలు దానిని తమ ఇండ్లకును తీసికొనిపోవుదురు.

సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన బడి విద్యుత్ బిల్లు నెలకు ఎన్ని యూనిట్లు? దానిని ఎవరు చెల్లించుచున్నారు? బకాయి ఉన్నదా?

2. గత ఆదివారము మన బడి మీటరు ఎంత తిరిగినది? ఎందులకు తిరిగినది?

3. వెనుక వరుసలోని బిడ్డకు నల్లబల్ల కనబడుచున్నదా? సభ్యులలో ఎవరు స్వయముగ కూర్చుండి చూచినారు?

4. బడి తీగలను, ఎర్తింగును చివరిసారి ఎవరు, ఎప్పుడు పరీక్షించిరి?

5. నమూనాలో ‘ఫలానావారు’ అని ఉన్న ప్రతి చోటను వ్రాయుటకు, ఒప్పుకొన్న మనిషి పేరు మనకు ఉన్నదా?

ఈ ఐదింటికి జవాబులు వ్రాసినచో మీ కట్టుబాటులో సగము పూర్తియైనట్లే. మిగిలిన సగము సోమవారము ఉదయము మీటరు చూచుటతో ఆరంభమగును.